బానెట్ మీద పొరలు: పాత కారు రంగు వెనక కథ

ఈసారి టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, ఇంట్లో పాత కారు ఉంది. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ బయటే పడుంది. రంగంతా వెలిసిపోయి, చెయ్యి పెడితే పౌడర్ అంటుకుంటోంది. షెడ్డుకి ఇవ్వకుండా నేనే పాలిష్ చేసి మళ్ళీ మెరిపించొచ్చా?" అని.

మెరిపించొచ్చు. పైకి చచ్చిపోయినట్టు కనిపించే రంగు చాలాసార్లు లోపల బతికే ఉంటుంది. కానీ గుడ్డ, పాలిష్ డబ్బా పట్టుకునే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు తెలియాలి: ఆ కారు మీద ఉన్నది ఏ కాలం నాటి రంగు? ఎందుకంటే 1970ల అంబాసిడర్‌ని బతికించే పద్ధతితో 2012 స్విఫ్ట్‌ని రుద్దారంటే దాని ప్రాణం తీసేసినట్టే. అందుకే ఇది పాలిష్ వీడియోలా మొదలవదు, హిస్టరీ ఎపిసోడ్‌లాగే మొదలవుతుంది.

మన ఊళ్ళ నుంచే మొదలుపెడదాం. చిల్లకల్లు దగ్గర హైవే దిగి జగ్గయ్యపేట మీదుగా వేదాద్రి గుడికి వెళ్ళే రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. కృష్ణ ఒడ్డున నరసింహస్వామి గుడి. ఆ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. రెండు వేల ఏళ్ళ కిందట జగ్గయ్యపేట ధనంబోడు స్తూపానికి శిల్పులు వాడింది పల్నాటి సున్నపురాయి అనే ఈ జాతి రాయినే. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. జేమ్స్ బర్జెస్ 1887లో అమరావతి స్తూపంతో కలిపి ఈ స్తూపం మీద పెద్ద పుస్తకమే వేశాడు. అప్పుడు బొమ్మలు చెక్కిన రాయి జాతినే ఇప్పుడు పొడి కొట్టి, బట్టీలో 1450 డిగ్రీల దాకా కాల్చి సిమెంటు చేస్తున్నాం. ఆ పొడి లారీల మీద నుంచి, కట్టే ఇళ్ళ దగ్గర నుంచి, రోడ్ల మీద నుంచి లేచి బయట నిలబెట్టిన ప్రతి బండి మీదా కూర్చుంటుంది.

పొడిగా ఉన్నంతసేపు అది ఉత్త దుమ్మే. రాత్రి మంచు కురిసిందా, కథ మారిపోతుంది. నీళ్ళు తగిలితే గట్టిపడటమే కదా సిమెంటు పని! బానెట్ మీద కూడా అదే పని చేస్తుంది. పైగా తడిసిన సిమెంటు సున్నంలాగా ఘాటైన క్షారం. రంగుని కొరుకుతుంది, కొరికిన చోటే చిన్న చిన్న బొడిపెల్లా గట్టిపడి కూర్చుంటుంది. మన ప్రాంతంలో పాత కారు రంగు పోవడానికి కారణం ఎండ ఒక్కటే అనుకుంటారు. సగం మాత్రమే నిజం. రెండో సగం ఈ దుమ్మూ మంచూ.

దీన్ని గోటితో గీకారా, పొడిగుడ్డతో తుడిచారా, గీతలు పడిపోతాయి. క్షారానికి విరుగుడు పులుపు. తెల్ల వెనిగర్‌కి సమానంగా నీళ్ళు కలిపి, ఆ గుడ్డని మచ్చ మీద కొద్ది నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక ఎక్కువ నీళ్ళతో కడిగేయాలి. నీడలోనే చేయాలి, ఇనుము బయటపడిన చోట వద్దు. బొడిపె పోయినా దాని కింద గుండ్రటి గుంట మిగిలిపోవచ్చు. అది మురికి కాదు, రంగు కరిగిపోయిన చోటు. వెనిగర్ దాన్ని పూడ్చలేదు.

కొత్త బండి పూజ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడి కుంకుమ అవుతుంది, అంటే అందులోనూ కొంచెం క్షారం ఉంది. పైన నిమ్మరసం, కొబ్బరినీళ్ళు. పూజ చేయించుకోండి, దానికేం లేదు. సాయంత్రానికి నీళ్ళతో కడిగేయండి చాలు. బొట్టు వారం పాటు అలాగే ఉంటే తెల్లకారు మీద గులాబీ మచ్చ నిలిచిపోతుంది.

ఇప్పుడు అసలు కథ. కార్లు వచ్చిన కొత్తలో వాటికి ప్రత్యేకంగా రంగంటూ లేదు. గుర్రబ్బండికి వేసే నూనె రంగులూ వార్నిష్షే కార్లకీ వేసేవాళ్ళు. బ్రష్షుతో ఒక పూత వేయాలి, రోజులకొద్దీ ఆరనివ్వాలి, రుద్దాలి, మళ్ళీ పూత. ఒక్క కారు రంగు పూర్తవడానికి వారాలు పట్టేది. ఇంజను బిగించడం తేలికైపోయింది గానీ, రంగు ఆరేదాకా కార్లని ఎక్కడ దాచాలో తెలియక ఫ్యాక్టరీలు తల పట్టుకునేవి.

ఫోర్డ్ తన మోడల్-టి కార్లని 1914 నుంచి 1925 దాకా నలుపులో మాత్రమే అమ్మింది. నల్ల తారులాంటి పదార్థం, అవిసె నూనె కలిపిన పూత, ఓవెన్‌లో కాల్చేది. చవక, గట్టిది, పనైపోతుంది. అందం సంగతి ఎవడికి కావాలి అన్నట్టు నడిచింది చాలా ఏళ్ళు.

దాన్ని మార్చింది పత్తి. నిజంగానే పత్తి! మన నందిగామ నల్లరేగడిలో పండే పత్తి గింజ మీద పొట్టి నూగు ఉంటుంది చూడండి, అలాంటి నూగుని నైట్రిక్ ఆమ్లంలో, గంధకామ్లంలో ముంచితే నైట్రోసెల్యులోజ్ అవుతుంది. 1840ల్లోనే కనిపెట్టారు. మొదట దాన్ని పేలుడు మందుగా వాడారు. తర్వాత సినిమా రీళ్ళు దానితోనే చేశారు. 1932లో మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చే నాటికి సినిమా హాళ్ళలో ఆడే రీళ్ళు ఈ జాతివే, అందుకే అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనేవి. నరసింహుడి కథ ఎక్కిన రీలు, కారు మీద రంగు, తుపాకీ మందు, మూడూ ఒకే పత్తి బిడ్డలన్నమాట.

అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1802లో తుపాకీ మందు తయారీతో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ మందుతో ఇంకేం చేయాలా అని వెతుకుతోంది. 1920 జులైలో సినిమా ఫిల్మ్ ప్రయోగాల కోసం కలిపిన ఒక పీపా నైట్రోసెల్యులోజ్ ద్రావణం వాడకుండా ఎండవేడికి ఉండిపోయిందట. తీరా చూస్తే చిక్కటి జిగురు కాస్తా పల్చటి పాకంలా మారిపోయింది. పల్చగా ఉందంటే ఎక్కువ రంగు పొడి కలపొచ్చు, గన్‌తో స్ప్రే చేయొచ్చు. 1923లో దానికి పెట్టిన పేరు డ్యూకో. ఓక్లండ్ అనే కారు మొదట నీలం రంగులో బయటికొచ్చింది. వారాల పని గంటల్లోకి వచ్చేసింది. నాలుగేళ్ళు తిరక్కుండా, 1927లో, మోడల్-టి ఆగిపోయింది. ఆగడానికి రంగొక్కటే కారణం కాదు గానీ, పక్క కంపెనీ రంగురంగుల కార్లు అమ్ముతుంటే నలుపు ఎంతకాలం నిలుస్తుంది?

డ్యూకో అన్న మాట మీరు విన్నారు కదా? మన వడ్రంగులు ఈరోజుకీ "డ్యూకో ఫినిష్ చేయించండి సార్" అంటారు. అల్మారాకి స్ప్రే రంగు వేయడానికి మనం పెట్టుకున్న పేరు, వందేళ్ళ నాటి కారు రంగు బ్రాండ్.

ఈ డ్యూకో జాతి రంగుకి ఒక గుణం ఉంది, అదే ఇవాళ మనకి ముఖ్యం. స్ప్రే చేసి ఆరగానే అది మెరవదు, కొంచెం మసగ్గా ఉంటుంది. రుద్దితేనే మెరుస్తుంది. నీళ్ళలో తడిపిన ఎమరీ పేపర్, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, చివర మెత్తటి గుడ్డతో పాలిష్. అంటే "కారుని రుద్ది మెరిపించడం" అనే అలవాటు పుట్టిందే ఈ రంగుతో. మన మేస్త్రీల చేతుల్లోకి తరాలుగా దిగింది ఆ అలవాటే.

మన దగ్గర చూస్తే, హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్ మొదలుపెట్టింది, 2014 మే దాకా తీసింది. లైసెన్స్ రాజ్ రోజుల్లో కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అంత కష్టపడి వచ్చిన కారుని ఎవడూ పారేయడు. రంగు పోతే మళ్ళీ వేయిస్తాడు, సొట్ట పడితే తీయిస్తాడు. ఆ అవసరం మీదే టింకరింగ్, పెయింటింగ్ షెడ్లు బతికాయి. 1960ల్లో విజయవాడలో ఆటోనగర్ వచ్చింది. దాన్ని చూసి, దాంట్లో పని నేర్చుకుని, నందిగామ, జగ్గయ్యపేటల్లో హైవే పక్కన షెడ్లు పెట్టుకున్నవాళ్ళు చాలామంది. అప్పట్లో అది నంబర్ 9 హైవే, ఇప్పుడు 65. లారీలు ఎక్కువ, కార్లు తక్కువ.

షెడ్డులో పని ఎలా ఉండేదంటే, సొట్టని సుత్తితో కొట్టి సరిచేసి, పైన లప్పం రాసి, ఆరాక చెక్కముక్కకి ఎమరీ చుట్టి నీళ్ళతో రుద్దాలి. కుర్రాళ్ళకి మొదటి ఏడాదంతా ఆ రుద్దుడే. రంగు కలపడం, గన్ పట్టడం మేస్త్రి పని. మసక వెలుతురులో, దుమ్ములో, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. ఆ చేతిపని గురించి ఎవరూ పుస్తకం రాయలేదు. రాసుంటే బాగుండేది, ఎందుకంటే ఏ బండికి ఏ ఏడు ఏ రంగు వేశారో చెప్పే రికార్డు ఇప్పుడు ఆ బండి మీద పొరలే.

ఎన్.సి. అని వాళ్ళు పిలిచేది డ్యూకో జాతి రంగుని. దాంతోపాటు సింథటిక్ ఎనామెల్ కూడా వాడేవాళ్ళు, ముఖ్యంగా లారీలకి. చవక, కానీ నెమ్మదిగా ఆరుతుంది. రెండింటిలోనూ రంగే పై పొర. దాని మీద ఇంకేం లేదు. దీన్నే సింగిల్ స్టేజ్ అంటారు.

సరే, ఈ పై పొర ఎందుకు పౌడర్ అవుతుంది? పెయింట్ అంటే ముఖ్యంగా రెండు వస్తువులు: రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే బంక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి బంకని తినేస్తాయి. పట్టుకునేవాడు లేక పొడి పైకి తేలుతుంది. చేతికి అంటుకునేది అదే. అయితే ఎండ దెబ్బ పైపైనే ఎక్కువ. ఆ చచ్చిన పొర సన్నగా తీసేస్తే కింద అసలు రంగు కొత్తదానిలా ఉంటుంది. సింగిల్ స్టేజ్ కారు బాగుపడటం వెనక రహస్యం ఇంతే.

ఇక 1983 డిసెంబరు 14. మారుతి 800 మొదటి తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇచ్చిన రోజు. కారు మధ్యతరగతి ఇంటి ముందుకొచ్చింది. 1980ల్లోనే ప్రపంచంలో కార్ల రంగు మారిపోతోంది. 1990లకి మన రోడ్ల మీద కూడా మెటాలిక్ రంగులు మామూలైపోయాయి. మెటాలిక్‌లో అల్యూమినియం రేకుపొడి ఉంటుంది, దాన్ని గాలికీ ఎండకీ వదిలేస్తే నల్లబడుతుంది. అందుకని రంగు పల్చగా వేసి, దాని మీద రంగులేని పారదర్శకమైన పొర వేయడం మొదలుపెట్టారు. అదే క్లియర్ కోట్. మీ ఫోన్‌కి గ్లాసు వేసినట్టు. ఎండని అడ్డుకునే మందు కూడా ఈ క్లియర్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు మందం లెక్క వినండి. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. నోటుపుస్తకంలో ఒక కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు, అంటే అర కాగితం. మీ కారుకీ ఎండకీ మధ్య ఉన్న గోడ అంతే. గరుకు కాంపౌండ్ వేసి మెషీన్‌తో గట్టిగా రుద్దితే ఒక్క విడతకే అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి. పోయింది తిరిగి రాదు. పాలిష్ అంటే పైన ఏదో పూయడం అనుకుంటారు చాలామంది. కాదు, తీసేయడం. ప్రతి మెరుపూ మీ కారు రంగులోంచి కోసిందే.

మీ కారు ఏ జాతో ఎలా తెలుస్తుంది? డిక్కీ లోపలి అంచు లాంటి కనపడని చోట కొంచెం పాలిష్ వేసి శుభ్రమైన గుడ్డతో రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటుకుంటే సింగిల్ స్టేజ్. అంటుకోకపోతే క్లియర్ కోట్. తెల్లకారైతే నల్లగుడ్డ వాడాలి, లేకపోతే మీకేం కనపడదు.

దీనికి నేను దగ్గరుండి చూసిన కేసు ఒకటి చెప్తా. మా పెదనాన్న అంబాసిడర్. సెకండ్ హ్యాండ్‌లో కొని జగ్గయ్యపేటలో టాక్సీ తిప్పాడు. పెళ్ళిళ్ళకి, ఆసుపత్రులకి, 2004 కృష్ణా పుష్కరాలప్పుడు రోజుకి ఎన్ని ట్రిప్పులో వేదాద్రికి. ఆయన పోయాక బండి వేపచెట్టు కింద ఉండిపోయింది, పదకొండేళ్ళు. మీగడ రంగు బండి, సున్నం కొట్టినట్టు అయిపోయింది. మా అన్నయ్య ఒక షెడ్డులో మాట్లాడేశాడు: మొత్తం ఇనుము దాకా గీకి కొత్త రంగు వేయించి అమ్మేద్దామని. పెద్దమ్మ ఒకటే మాట: "రంగు ఏదన్నా వేసుకోండి గానీ, డిక్కీ మీద ఆ అక్షరాలు మాత్రం చెరపొద్దు నాయనా. అది ఆయన రాయించుకున్నది."

డిక్కీ మీద బ్రష్షుతో రాసుంది, ఎర్ర అక్షరాలకి పసుపు నీడ, శ్రీ వేదాద్రి నరసింహస్వామి ప్రసన్న అని. లారీలకి పేర్లు రాసే ఒక ఆర్టిస్టు రాశాడు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ పనీ దాదాపు లేదు, అంతా స్టిక్కర్లే. ఇనుము దాకా గీకితే అక్షరాలు ఎలా మిగులుతాయి? అందుకే నెల రోజులు గడువు అడిగాం.

ముందు కాగితాలు చూశాం. పాత ఆర్సీ పుస్తకంలో రంగు అనే గడిలో ఆకుపచ్చ కొట్టేసి, మీగడ అని రాసి, ముద్ర వేసుంది, 1991 తేదీతో. అంటే ఇది ఫ్యాక్టరీ రంగు కాదు, 1991లో షెడ్డులో వేసిన రంగు. తలుపు కింద పెచ్చు లేచిన చోట చూస్తే నిజంగానే మీగడ కింద ఆకుపచ్చ, దాని కింద ఎర్రమట్టి లాంటి ప్రైమర్. పొరలు, కాగితం ఒకే మాట చెప్పాయి. తర్వాత తలుపు లోపలి అంచు మీద దూదితో ఒక చుక్క థిన్నర్ అద్దాం. రంగు కరిగి దూదికి వచ్చేసింది. ఎన్.సి. అని తేలింది. ఆరిపోయిన తర్వాత కూడా తన థిన్నర్‌లో తాను కరగడం దాని లక్షణం. ఇది ఒక్క చుక్కే, కనపడని చోటే. బానెట్ మీద చేశారంటే మచ్చ మీ ఖర్మ.

ఇంక పని. మొదట పైపుతో నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించాం, చెయ్యి పెట్టకుండా. రెండు సార్లు కార్ షాంపూతో కడిగాం, రెండు బకెట్లు పెట్టుకుని, గుడ్డ పిండే నీళ్ళు వేరు, సబ్బు నీళ్ళు వేరు. అంట్లు తోమే సబ్బు వద్దు. సిమెంటు బొడిపెలకి ఇందాక చెప్పిన వెనిగర్. వేప జిగురుకి గోరువెచ్చటి తడిగుడ్డ. ఆ తర్వాత క్లే బార్, అంటే మైనపు ముద్ద లాంటిది, జపాన్ వాళ్ళ కనిపెట్టు. షాంపూ నీళ్ళు చల్లుతూ దాన్ని జారిస్తే కడిగినా పోని గరుకంతా అది ఎత్తుకుంటుంది. కింద పడితే పారేయాల్సిందే, ఇసుక అంటుకుని గీతలు పెడుతుంది.

పాలిష్ చేత్తోనే చేశాం, మెషీన్ పెట్టలేదు. వెనక తలుపు మీద రెండడుగుల చతురస్రం, నాలుగు పక్కలా మాస్కింగ్ టేపు. అన్నిటికన్నా మెత్తటి పాలిష్‌తో మొదలుపెట్టాలి, చాలకపోతేనే ఇంకొంచెం గరుకుది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గుడ్డ నిమిషంలో మీగడ రంగయింది. మూడో విడతకి తలుపులో వేపచెట్టు కొమ్మలు కనిపించాయి. అన్నయ్య ఏం మాట్లాడలేదు, ఇంట్లోకెళ్ళి ఇంకో పాత బనియన్ తెచ్చి చింపాడు.

అంచుల దగ్గర, మడ్‌గార్డ్ మడతల దగ్గర రుద్దలేదు. రంగు అక్కడ ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, ముందు పోయేదీ అక్కడే. అక్షరాల చుట్టూ వేలెడు దూరంలో టేపు వేసి, ఆ లోపల నీళ్ళతో కడగడం, వ్యాక్స్ రాయడం తప్ప ఏం చేయలేదు. బ్రష్షుతో రాసిన అక్షరం ఒక్క పూతే, రుద్దితే ముందు పసుపు నీడ పోతుంది. దాంతో అక్షరాల చుట్టూ మసక గీత ఒకటి మిగిలింది, ఫొటో ఫ్రేములాగా. నాకది బాగానే ఉంది. అన్నయ్యకి ఇంకా నచ్చలేదు. పెద్దమ్మ మాత్రం పసుపు నీడ మీద వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళింది.

టాప్ మాత్రం దక్కలేదు. నెత్తి మీద ఎండ మొత్తం దానికే కదా. ఎన్.సి. రంగు ముసలిదైతే ఎండిన చెరువు మట్టిలా బీటలు వారుతుంది. బీట కింద దాకా ఉంటుంది కాబట్టి ఎంత రుద్దినా పోదు. రుద్దకుండా వదిలేశాం. బానెట్ మీద సిమెంటు తిన్న గుంటలు కూడా అలాగే ఉన్నాయి, దగ్గరికెళ్తే కనిపిస్తాయి. బండి అమ్మలేదు. మొత్తం ఖర్చు షెడ్డు వాళ్ళు చెప్పిన దాంట్లో చాలా చిన్న ముక్క, కానీ ఐదు ఆదివారాలు పోయాయి, భుజాలు కూడా.

మీది క్లియర్ కోట్ కారైతే? పని ఇదే వరసలో, కానీ చెయ్యి ఇంకా తేలిగ్గా. మసక, సన్న గీతలు పోతాయి. గోరు అడ్డంగా గీస్తే తగిలే లోతు గీత పోదు, దాన్ని పోగొట్టాలని రుద్దకండి. క్లియర్ ఎండకి పొట్టులా ఊడిపోతుంటే, వీపు మీద తోలు ఊడినట్టు, అక్కడ పాలిష్‌కి పనే లేదు, ఆ భాగానికి మళ్ళీ పెయింట్ వేయాల్సిందే. రీల్స్‌లో చూసి టూత్‌పేస్ట్ రాయకండి, అది గరుకెంతో తెలియని కాంపౌండ్. డీజిల్ గుడ్డతో తుడిస్తే తళతళలాడుతుంది, మన డ్రైవర్లు తరాలుగా చేస్తున్నదే. కానీ అది నూనె తడి మాత్రమే. ఆ తడికి దుమ్మంతా అంటుకుంటుంది, మన దుమ్ము ఏమిటో ఇందాక చెప్పాను.

మళ్ళీ పెయింటే వేయాల్సొస్తే సొంతంగా స్ప్రే మాత్రం వద్దు. ఇప్పుడు షెడ్లలో వాడే 2కె పియు రంగుల్లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు పీల్చితే ఊపిరితిత్తులకి దెబ్బ, ఉబ్బసం వస్తుంది, ఒక్కసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం. ముక్కుకి తువ్వాలు, సర్జికల్ మాస్కు దాన్ని ఆపలేవు. ఎన్.సి. కాలంలో అలవాటైన తువ్వాలుతోనే ఇప్పటికీ గన్ పడుతున్న మేస్త్రీలని నేను చూశా. మీ కారు వేయించేటప్పుడు మంచి మాస్కు ఉందా అని అడగండి, లేకపోతే మీరే ఒకటి కొనివ్వండి. పాత పసుపు రంగుల్లో సీసం ఉండేది, లెడ్ క్రోమేట్ అంటారు. అందుకని పాత బండి రంగుని ఎప్పుడూ నీళ్ళతోనే రుద్దాలి, పొడిగా రుద్ది ఆ దుమ్ము ఇంట్లో పిల్లల దాకా వెళ్ళనివ్వొద్దు.

రంగు మార్చాలనుకుంటే ఆర్సీలో కూడా మార్పించాలి, ఆర్టీవో దగ్గర. 15 ఏళ్ళు దాటిన కారైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5000కి పెరిగింది. కొందరు పాలిష్ అంతా అయ్యాక ఈ సంగతి తెలుసుకుంటున్నారు.

చివరగా వ్యాక్స్. పాలిష్ అయిన రోజే పల్చగా రాసేయండి, ఎందుకంటే చచ్చిన పొర తీసేశాక కొత్త రంగు ఎండకి ఒట్టి ఒంటితో నిలబడినట్టు ఉంటుంది. మన ఎండలకి రెండు మూడు నెలలకోసారి మళ్ళీ రాసుకోవాలి. నీళ్ళు చల్లితే ముత్యాల్లా నిలబడటం మానేశాయంటే టైమైనట్టే. ఇంకా, బయట పెట్టే బండికి కవర్ కప్పుతారు కదా, దుమ్ము మీదే కప్పొద్దు. గాలికి కవర్ ఊగిన ప్రతిసారీ ఆ దుమ్ము ఎమరీ పేపర్ పనే చేస్తుంది. కడిగి, ఆరనిచ్చి, అప్పుడు కప్పండి. ఉంటాను.